నొక్కని మీట

"పాసయినయా శ్యామలా?" గుమ్మంలో నిలబడే అడిగాడు వంశీధర్‌రావు.

"అయినయి సార్," అంది శ్యామల తల ఎత్తకుండా.

ఆమె ముందు బల్ల మీద దూది ఉండ ఒకటి నల్లగా మరకపడి ఉంది. దాని మీద అరచెయ్యి పెట్టి కప్పేసింది. ఆ రోజు ఆమె చేసింది అంతే. వంశీధర్‌రావు సంతోషంగా వెళ్ళిపోయాడు. కాసేపటికి లోపలి హాల్లో కుర్చీలు జరిపిన చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. ఆరు వారాలుగా ఆగిపోయిన పని కార్ఖానాలో మళ్ళీ మొదలైంది.

కరీంనగర్ ఊరి చివర పారిశ్రామికవాడలో ఉంది ఆ కార్ఖానా. వంశీధర్‌రావు తండ్రి పెద్దపల్లి దగ్గరి వరిపొలంలో సగం అమ్మి కొడుక్కి పెట్టించాడు. పొలం మోటర్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేస్తారక్కడ. బావి దగ్గర మామూలు స్టార్టర్ పక్కన ఒక రేకు డబ్బా బిగిస్తారు. రైతు ఎక్కడున్నా సరే, ఆ డబ్బాలోని నంబరుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటరు నడుస్తుంది, రెండు నొక్కితే ఆగుతుంది. చీకట్లో, పాముల భయంతో గట్ల మీద నడిచే బాధ తప్పిందని రైతులు ఆ డబ్బాలను ఇష్టపడి కొనుక్కునేవారు.

శ్యామల గోదావరిఖని పిల్ల. తండ్రి మొండయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, తొమ్మిదేళ్ళ కిందట ఈ కార్ఖానాలో చేరింది. సామాను కొనేదీ తనే, కొన్న సామాను మంచిదో కాదో చూసి "పాస్" అని ముద్ర వేసేదీ తనే. అంత చిన్న కార్ఖానాలో ఆ రెండు పనులకు ఇద్దరిని పెట్టే వీలు లేదు. అవసరం ఉందని కూడా ఎవరికీ అనిపించలేదు. శ్యామల చూసిందంటే వంశీధర్‌రావు మళ్ళీ చూసేవాడు కాదు.

డబ్బాకున్న తెలివంతా అందులోని గోరంత నల్లటి చిప్‌లో ఉంటుంది. రేకు డబ్బా హైదరాబాద్‌లో దొరుకుతుంది, తీగ కరీంనగర్‌లోనే దొరుకుతుంది, చిప్ మాత్రం ఈ దేశంలో పుట్టదు. తైవాన్‌లో అచ్చయి, మలేషియాలో కాళ్ళు తొడుక్కుని, సింగపూర్‌లో విమానం ఎక్కి, బెంగళూరు డీలరు చేతిలో పడి, చివరికి కొరియర్ సంచిలో కరీంనగర్‌కు వస్తుంది. కరోనా రెండో ఏడు ఆ దారి మూసుకుపోయింది. ఉన్న చిప్‌లన్నీ కార్ల కంపెనీలు, ఫోన్ల కంపెనీలు ముందే పట్టేసుకున్నాయి. ఎప్పుడడిగినా "వచ్చేవారం" అనే బెంగళూరు డీలరు, ఆ ఏడు "యాభై రెండు వారాలు" అన్నాడు.

పదకొండు మంది ఆడవాళ్ళు బోర్డుల మీద సామాను అతికేవారు. పని లేకున్నా రోజూ పొద్దున్నే వచ్చేవారు. మెట్ల మీద కూర్చుని, పది గంటలకు లేచి వెళ్ళిపోయేవారు. వాళ్ళలో పెద్దామె ఐలవ్వ రోజూ ఒకే మాట అడిగేది.

"బిడ్డా, సామాన్ వచ్చిందా?"

"రాలే అవ్వా. వస్తది."

ఆ మాట చెప్పీ చెప్పీ శ్యామలకు మెట్ల వైపు చూడాలంటేనే బాధయ్యేది. అందుకే ఫోన్ పట్టుకుని ఊరూరా వెతికింది. ముంబైలో ఒక వ్యాపారి దొరికాడు. ఎన్నడూ పేరు వినని మనిషి. రెండు వందల నలభై చిప్‌లు ఉన్నాయన్నాడు, ఫోటోలు పంపాడు. వంశీధర్‌రావు ఫోటోల వంక చూడనైనా చూడలేదు. "నువ్వు చూసుకో శ్యామలా, నాకేం ఫికర్ లేదు," అన్నాడు.

చిప్‌లు వచ్చాయి. పైన అక్షరాలు తెల్లగా, కొత్తగా మెరుస్తున్నాయి. అసలైన చిప్ మీద అక్షరాలు లేజర్‌తో కాల్చినవి, ఏ మందుకూ పోవు. శ్యామల దూదిని అసిటోన్‌లో ముంచి ఒక చిప్‌ను రుద్దింది. అక్షరాలు దూదికి అంటుకుని వచ్చాయి. వాటితోపాటు పైన పూసిన నల్లరంగూ వచ్చింది. భూతద్దం కింద పెట్టి చూస్తే, అరగదీసిన పాత అక్షరాల నీడ కనబడింది. కంపెనీ అదే, నంబరూ అదే, చివరి అక్షరం మాత్రం వేరు. ఎండలో, రేకు డబ్బాలో ఉడికినా తట్టుకునే రకానికి ఒక అక్షరం. చల్లటి గదుల్లో, ఆఫీసు మిషన్లలో వాడే రకానికి ఇంకో అక్షరం. చల్లటి గది చిప్‌కు ఎండ చిప్ పేరు పెట్టి అమ్మారన్నమాట.

పది చిప్‌లు రుద్దింది. ఏడింటి రంగు ఊడింది.

మొండయ్య బాయిలో పైకప్పు కూలకుండా ఊతకర్రలు పెట్టే పని చేసేవాడు. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, చప్పుడు వినేవాడు. "గుల్ల చప్పుడొస్తె ఎవడు ఎంత తొందరపెట్టినా అడుగు ముంగటికి ఎయ్యద్దు బిడ్డా," అని చిన్నప్పుడు అన్నం తినేటప్పుడు చెప్పేవాడు. శ్యామలకు ఆ రోజు ఆ మాట గుర్తురాక కాదు. వచ్చింది. అయినా పది చిప్‌లను బోర్డుల్లో పెట్టి రెండు రోజులు నడిపి చూసింది. పదీ నడిచాయి. అది నవంబరు నెల, గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. నడుస్తున్నాయి కదా అనుకుంది. పేరు మార్చితే మార్చారు, పని చేస్తున్నాయి కదా అనుకుంది. మెట్ల మీద ఐలవ్వ దగ్గు వినబడింది. ముద్ర అందుకుని "పాస్" అని వేసింది. అప్పుడే వంశీధర్‌రావు వచ్చి అడిగాడు.

*

ఏప్రిల్‌లో సంపత్ ఫోన్ చేశాడు. ఊర్లు తిరిగి డబ్బాలు బిగించే పని అతనిది.

"అక్కా, ఆదిలాబాద్‌ల బోథ్ దిక్కు ఖరాబైంది. హనుమండ్లు అని మన డబ్బా పెట్టుకున్న రైతు. మోటర్ల చెయ్యి పడ్డది. కుడి చెయ్యి, మణికట్టు కాడికి పోయింది."

శ్యామల లేచి గది తలుపు మూసింది.

"డబ్బా తప్పు కాదులే అక్కా," అన్నాడు సంపత్, తనే ధైర్యం చెబుతున్నట్టు. "మెయిన్ బంద్ చెయ్యలే ఆయన. బెల్టు జారిందని సరిచేస్తుండె. ఆయన పెండ్లాం గట్టు మీద ఫోన్ పట్టుకొని ఉన్నది. రెండు నొక్కి బంద్ చేసింది. ఫోన్ కట్ చెయ్యకుంట గట్లనే చేతుల పెట్టుకున్నది. మల్ల ఏలు ఒకటి మీద పడ్డట్టుంది. మోటర్ చాలూ అయింది. ఊరంత గదే అంటున్నరు."

ఆ సాయంత్రమే సంపత్ రాసిన రిపోర్టు ఫోన్‌లో వచ్చింది. "మెయిన్ స్విచ్ బంద్ చేయకుండా బెల్టు ముట్టుకున్నాడు. భార్య పొరపాటున స్టార్ట్ మీట నొక్కింది. పరికరంలో లోపం లేదు." కింద పరీక్ష చేసినవారి సంతకం కావాలి. వంశీధర్‌రావు రెండుసార్లు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు, దాన్ని ఆ రోజే బోథ్ పోలీసులకు పంపాలని. డబ్బా ఇంకా బోథ్‌లోనే ఉంది. డబ్బాను చూడకుండానే శ్యామల సంతకం పెట్టింది.

డబ్బా నాలుగు రోజులకు వచ్చింది. శ్యామల దాన్ని ఆదివారం దాకా తెరవలేదు. కార్ఖానాలో ఎవరూ లేని మధ్యాహ్నం దాన్ని మేడ మీద ఎండలో పెట్టి, మోటరుకు బదులు ఒక బల్బు తగిలించింది. ఫోన్ చేసి రెండు నొక్కింది. బల్బు ఆరింది. "మీ మోటర్ బంద్ అయింది," అని డబ్బాలో రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఫోన్ కట్ చేసి గోడ మీద పెట్టి, నీడలో కూర్చుంది. రేకు మీద చెయ్యి పెడితే కాలుతోంది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఏమీ కాలేదు. ఆమె ప్రాణం కుదుటపడుతుండగా డబ్బాలోంచి 'టక్'మంది. బల్బు వెలిగింది.

ఫోన్ గోడ మీదే ఉంది. దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆ సాయంత్రం దాకా ఇంకో మూడుసార్లు వెలిగింది. వేడికి చిప్ తత్తరపడి, తను ఆపిన సంగతి మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలై మోటరును నడిపిస్తోంది. శ్యామలకు అది లెక్క కట్టినంత స్పష్టంగా అర్థమైంది. అర్థమయ్యాక కూడా సోమవారం పొద్దున వంశీధర్‌రావు గదికి వెళ్ళలేదు.

ఆమె చేసింది వేరు. బెంగళూరు నుంచి మంచి చిప్‌లు కొద్దికొద్దిగా రావడం మొదలైంది. "సిగ్నల్ ప్రాబ్లం ఉన్నది, పాత బోర్డులు మార్చాలె," అని వంశీధర్‌రావుతో అంది. సంపత్‌తోనూ అదే చెప్పింది. ఆ రెండు వందల నలభైలో ఒక్కొక్కదాన్నే వెతికి పట్టుకుని మార్పించింది. సెలవు రోజుల్లో తనే సంపత్ బండెక్కి వెళ్ళేది. రైతులు మజ్జిగ ఇచ్చి, "మంచి కంపెనీ, అడగకముందే వచ్చి మార్చిపోతున్నరు," అనేవారు. ఆ మజ్జిగ ఆమె సంపత్‌కే ఇచ్చేసేది. ఇక ఎవరికీ ఏమీ కాదు, జరిగినదాన్ని ఎలాగూ వెనక్కి తేలేను అని తనకు తాను చెప్పుకునేది. పదకొండు డబ్బాలు మాత్రం దొరకలేదు. ఒకరు అమ్ముకున్నారు, ఒకరు బామ్మర్దికి ఇచ్చారు, ఒకరు ఊరే విడిచిపోయారు.

*

మరుసటి ఏడు ఫిబ్రవరిలో సంపత్ బోథ్ వైపు వెళ్ళి వచ్చాడు. టీ తాగుతూ మాటల్లో అన్నాడు.

"గా హనుమండ్లు పెండ్లాం గంగామణి లేదా అక్కా, పాపం, తల్లిగారింటికి తోలిండ్రట. దీపావళి సంది ఉట్నూర్‌లనే ఉన్నదట, అన్న దగ్గర."

"ఎందుకు?"

"ఎందుకేంది? మొగని చెయ్యి తీసిందని అత్త రోజు తిట్టుడే. ఆరేండ్ల బిడ్డ ఉన్నది, బిడ్డను పంపలేదట."

శ్యామల చేతిలోని గ్లాసు కింద పెట్టింది. హనుమండ్లు చెయ్యి గురించి ఆమె పది నెలలుగా ఆలోచిస్తూనే ఉంది. గంగామణి అనే మనిషి గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. రిపోర్టులో "భార్య" అని ఉందే తప్ప పేరు కూడా లేదు. ఆ కాగితం కింద ఉన్నది తన సంతకం.

ఆ వారం గోదావరిఖని వెళ్ళింది. తల్లి సరోజన వడ్డించిన అన్నం కలుపుతూ కూర్చుందే గానీ ముద్ద ఎత్తలేదు. మొండయ్య చూసి చూసి, "ఏమైంది బిడ్డా?" అన్నాడు. శ్యామల మొత్తం చెప్పింది. దూది ఉండ దగ్గర నుంచి గంగామణి దాకా. సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు చెప్పినవ్. నేనేం చెయ్యాలె?" అన్నాడు మొండయ్య.

"ఏం చెయ్యద్దు బాపూ. ఊకెనే చెప్పిన."

"నాకు చెప్తె నీ మనసు బరువు దిగి అల్కగైతది. గా పిల్లది కాదు."

అంతే అన్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది శ్యామలకు.

*

శ్యామల చెప్పిందంతా వంశీధర్‌రావు మధ్యలో ఆపకుండా విన్నాడు. విన్నాక కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"గీ మాట బయటికి పోతె కార్ఖానా ఉండది. పదకొండు మంది బతుకులున్నయి ఈడ," అన్నాడు.

"నేను గూడ గా పదకొండు మంది మొఖమే చూసిన సార్. చూసే గిట్ల చేసిన."

ఆయన వెనక్కి తిరిగాడు. "నన్నెందుకు అడగలే? పది చిప్పులు నా బల్ల మీద పోసి, గిట్లున్నయి సార్ అంటె నేను వద్దంటుంటినేమో గదా?"

"మీరు వద్దంటరనే అడగలే సార్."

ఆ మాట తన నోటి నుంచి వచ్చాక గానీ అది నిజమని శ్యామలకే తెలియలేదు. ఇన్నాళ్ళూ కార్ఖానా కోసం, ఆడవాళ్ళ కోసం అనుకుంది. మంచి చేసే వీలున్న మనిషికి ఆ వీలు లేకుండా చేసింది తనే. వంశీధర్‌రావు ముఖంలో కోపం కన్నా ముందు కనబడింది అదే.

"వకీలును అడిగి చెప్త. అప్పటిదాక ఎవలకు చెప్పకు," అన్నాడాయన.

శ్యామల తల ఊపలేదు. హనుమండ్లు డబ్బానూ ఒక బల్బునూ సంచిలో పెట్టుకుని, మర్నాడు పొద్దున ఉట్నూర్ బస్సెక్కింది. వెళ్ళే ముందు సంపత్‌కు ఫోన్ చేసి నిజం చెప్పింది. అతను, "నా చేత అబద్ధం రాయించినవ్ అక్కా," అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "ఉట్నూర్ బస్టాండ్ల ఉంట," అన్నాడు.

*

గంగామణి అన్నకు జీపుల అడ్డా పక్కన చిన్న చాయ్ హోటల్ ఉంది. ఆమె పొయ్యి ముందు కూర్చుని మిర్చీలు వేస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మెడ ఎముకలు పైకి తేలి ఉన్నాయి. గల్లాపెట్టె మీద అన్న ఫోన్ మోగితే, "అన్నా, ఫోన్," అని కేకేసిందే తప్ప అందుకోలేదు. చెయ్యి పక్కకు లాక్కుంది.

శ్యామల ఆమె పక్కన స్టూలు మీద కూర్చుంది. తనెవరో చెప్పింది. ఎందుకు వచ్చిందో చెప్పింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి, మిగిలిన నాలుగు మాటలు చెప్పింది. "మోటర్ నువ్వు చాలూ చెయ్యలే గంగామణీ. డబ్బా ఖరాబు. అది నాకు ముందే ఎరుక."

గంగామణి జల్లిగంటెతో మిర్చీలు తీసి పళ్ళెంలో వేసింది. పొయ్యి తగ్గించింది.

"కాదు మేడం. నేనే నొక్కిన."

"నువ్వు నొక్కలే."

"నొక్కిన. నా ఏలు నాకు యాదికున్నది," అంది గంగామణి, కుడి చేతి బొటనవేలు చూపిస్తూ. "ఎండ కొడుతుండె. పైట సదురుకుందామని ఫోన్ ఈ చేతిలకెల్లి ఆ చేతిలకు మార్చిన. అప్పుడు ఏలు ఒకటి మీద పడ్డది. మెత్తగ తగిలింది గూడ. రోజు యాదికొస్తది నాకు."

ఊరంతా అంటుంటే, అత్త రోజూ అంటుంటే, లేని వేలిముద్ర ఒకటి ఈమె మనసులో పడిపోయింది. ఈ మనిషి ఒక్కతే కూర్చుని పది నెలలుగా తను చెయ్యని పనిని మళ్ళీ మళ్ళీ చేస్తోంది.

"చూపిస్త," అంది శ్యామల. "నా ముచ్చట నమ్మకు. కండ్లతోని చూడు."

"నాకు చూపెడితె ఏమస్తది?" గంగామణి చేతులు కొంగుకు తుడుచుకుంది. "చూడాల్సినోళ్ళు మా అత్తగారింట్ల ఉన్నరు."

అన్న పొయ్యి దగ్గర కూర్చున్నాడు. సంపత్ మాట్లాడిన జీపులో ముగ్గురూ ఇచ్చోడ మీదుగా బోథ్ మండలంలోని ఆ ఊరికి వెళ్ళారు. దారి పొడుగునా పత్తి చేలన్నీ ఖాళీగా, కట్టె మోళ్ళతో ఉన్నాయి.

*

హనుమండ్లు వాకిట్లో ఎడమ చేత్తో గొడ్డలికి కర్ర పిడి బిగించుకుంటున్నాడు. భార్యను చూసి లేచాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర మొద్దుగా, నున్నగా ఉంది. అతని తల్లి లోపలి నుంచి వచ్చి, గంగామణిని చూసి గడప మీదే ఆగింది. అమ్మ దగ్గరికి పరుగెత్తబోయిన మనవరాలిని ఒక చేత్తో పట్టుకుంది.

శ్యామలను ఎవరూ కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. డబ్బా కంపెనీ మనిషినని చెప్పి, ఇంట్లోంచి తీగ లాగి, వాకిట్లో ఎండలో డబ్బా పెట్టి బల్బు తగిలించింది. హనుమండ్లు ఫోన్‌తోనే డబ్బాకు ఫోన్ చేయించింది. అతను ఎడమ చేత్తో ఒకటి నొక్కితే బల్బు వెలిగింది. రెండు నొక్కితే ఆరింది. "మీ మోటర్ బంద్ అయింది," అంది డబ్బాలోని గొంతు. ఆ గొంతు వినగానే గంగామణి కళ్ళు మూసుకుంది.

"ఇగ ఫోన్ మంచం మీద పెట్టు అన్నా. ఎవ్వరు ముట్టకుండ్రి," అంది శ్యామల.

పెట్టాడు. అందరూ నిలబడ్డారు. పది నిమిషాలు గడిచాయి, పావుగంట గడిచింది. గోడ పక్కన ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. అర్ధగంట గడిచింది. ముసలామె, "ఏం చూడాలె? ఏం లేదు," అంటూ పిల్లను లోపలికి తీసుకుపోబోయింది. ఇదేమి బతుకు, డబ్బా చెడిపోవాలని మొక్కుకుంటున్నాను అనుకుంది శ్యామల.

'టక్'మంది.

బల్బు ఎండలో సరిగ్గా కనబడలేదు. సంపత్ వంగి చెయ్యి అడ్డం పెడితే కనబడింది. వెలుగుతోంది.

"మీరే ఏమన్న చేసిండ్రేమో," అంది ముసలామె. శ్యామల హనుమండ్లును మళ్ళీ బంద్ చెయ్యమంది. ఈసారి ఫోన్ ముసలామె చేతికే ఇచ్చింది. పది నిమిషాలకే మళ్ళీ వెలిగింది. ముసలామె ఫోన్ వంకా బల్బు వంకా చూసి, కాలినట్టు ఫోన్‌ను మంచం మీద పడేసింది.

గంగామణి ఏడవలేదు. బొటనవేలి వంక చూసుకుంటూ, "మరి నాకెందుకు యాదికున్నది?" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు.

హనుమండ్లు దగ్గరికి వచ్చాడు. "నువ్వు నొక్కినవని నేను ఒక్కనాడు అనలే, గంగా."

"నొక్కలేదని గూడ అనకపోతివి."

గంగామణి శ్యామల వైపు తిరిగింది.

"నీకు ఎప్పటి సంది ఎరుకక్కా?"

"పోయినేడు ఎండాకాలం సంది."

"నన్ను తోలింది దీపావళికి." గంగామణి గొంతు మెల్లగానే ఉంది. "అంటె నువ్వు అప్పుడే చెప్పుంటె నేను పోకపోదును. నా బిడ్డను ఇడిచిపెట్టకపోదును. గంతే గదా?"

"గంతే," అంది శ్యామల.

క్షమించమని అడగాలనుకుంది. ఆ మనిషి ముఖం చూశాక, అది కూడా ఏదో ఒకటి ఇమ్మని చెయ్యి చాపడమే అవుతుందనిపించింది. అడగలేదు.

ముసలామె పిల్ల చెయ్యి వదిలేసింది. పిల్ల పరుగెత్తుకొచ్చి తల్లి కాళ్ళను చుట్టేసింది. "లోపటికి రా బిడ్డా, ఎండల నిలవడ్డవ్," అంది ముసలామె, గంగామణితో. గంగామణి లోపలికి పోలేదు. పిల్లను ఎత్తుకుని, వచ్చిన జీపులోనే వెళ్ళి కూర్చుంది. ఎవరూ అడ్డం రాలేదు. జీపు ఉట్నూర్‌కు తిరిగిపోయింది. శ్యామల, సంపత్ రోడ్డు దాకా నడిచి, బోథ్ పోలీస్ స్టేషన్‌కు ఆటో ఎక్కారు. అక్కడ శ్యామల నాలుగు పేజీలు తన చేత్తో రాసి ఇచ్చింది.

*

బయటికి చెప్పొద్దన్న వకీలు మాట వంశీధర్‌రావు వినలేదు. ఎందుకు వినలేదో ఎవరికీ చెప్పలేదు. పేపర్లో జిల్లా పేజీలో ప్రకటన వేయించాడు. ఫలానా తేదీల్లో కొన్న మా డబ్బాలు వాడకండి, ఎక్కడున్నా మాకు చెప్పండి అని. దొరకని పదకొండులో తొమ్మిది అలా దొరికాయి. శ్యామలను ఉద్యోగం నుంచి తీసేశాడు. ఆమె అది ముందే ఊహించింది. సామాను కొనే మనిషి వేరు, పరీక్ష చేసే మనిషి వేరు ఉండాలని ఇప్పుడా కార్ఖానాలో నియమం పెట్టారట. కార్ఖానా మూడు నెలలు మూతపడి, మళ్ళీ తెరుచుకుంది. ఐలవ్వ మాత్రం తిరిగి రాలేదు. ఆ మూడు నెలల్లో వేరే చోట పని చూసుకుంది. కరీంనగర్ బజారులో ఎప్పుడైనా శ్యామల కనబడితే పలకరిస్తుంది గానీ ఆగదు.

కేసు ఆదిలాబాద్‌లో నడుస్తోంది. ముంబై వ్యాపారి నంబరు పని చేయడం లేదు. ఆ చిప్‌లు ఏ దేశంలో, ఏ పాత మిషన్లోంచి పీకి, ఎవరు రంగు వేశారో ఇప్పటికీ తేలలేదు. వాయిదాకు వెళ్ళినప్పుడల్లా శ్యామల కాగితాలు చూసుకోకుండానే జవాబులు చెబుతుంది. ఏదీ మరిచిపోలేదు.

హనుమండ్లు ప్రతి వారం సంతరోజు ఉట్నూర్ వెళ్ళి, బావమరిది హోటల్‌లో చాయ్ తాగి, కూతురితో కాసేపు ఆడుకుని వస్తున్నాడని సంపత్ చెప్పాడు. గంగామణి చాయ్ పోస్తుంది, మాట్లాడుతుంది. బోథ్ వెళ్ళే జీపు మాత్రం ఇంకా ఎక్కలేదు.

శ్యామల ఇప్పుడు గోదావరిఖనిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తోంది. దొరకని డబ్బాలు ఇంకా రెండున్నాయి. మార్చి వచ్చి ఎండ ముదిరిందంటే ఆమె దుకాణంలో నిలవలేదు. ఆదివారం పొద్దున్నే ఆదిలాబాద్ బస్సెక్కి, ఏదో ఒక ఊళ్ళో దిగి, బావుల వెంట నడుస్తుంది. కనబడిన రైతునల్లా ఆపి, "అన్నా, మీ మోటర్ కాడ ఫోన్ డబ్బా ఉన్నదా? ఒక్కసారి చూడనిస్తవా?" అని అడుగుతుంది.